పులిని చూపాలంటే పొలిమేర దాటవలసిందే!

విజయవాడ: బడులకు సెలవులిచ్చారంటే డెల్టాలోని పిల్లలు తండ్రి ముందు పెట్టే కోర్కెలలో "జూ చూపించు నాన్నా" అన్నది తప్పకుండా ఉంటుంది. కోర్కె చిన్నదే. కాని 2011 జనాభా లెక్కల నాటికే పది లక్షలు దాటిన విజయవాడ నగరంలో గాని, ఈ చివరి నుంచి ఆ చివరి వరకు కృష్ణా డెల్టాలో గాని పులినీ, సింహాన్నీ, జిరాఫీనీ ఒకచోట చూపించగల జంతు ప్రదర్శనశాల ఒక్కటీ లేదు. అందుచేత ఆ చిన్న కోర్కె తీర్చడానికి గృహస్థు రైలు వేళల పట్టిక, సెలవుల జాబితా, నెల జీతం మూడింటినీ ముందు పెట్టుకుని కూర్చోవలసి వస్తున్నది.

డెల్టా పిల్లవాడికి ఏనుగు మొదట పరిచయమయ్యేది కొండపల్లి బొమ్మగానే. తెల్ల పొణికి కర్రతో చేసి రంగులు వేసిన అంబారీ ఏనుగు బొమ్మల కొలువులో కొలువు తీరుతుంది. ఆ తరువాత బడి పుస్తకంలో బొమ్మ. సజీవంగా చూడటం మాత్రం తండ్రి తీరికపై, తాహతుపై ఆధారపడిన విషయమైపోయింది.

ఒకప్పుడు సర్కస్ కంపెనీలు ఈ కొరతను కొంత తీర్చేవి. డేరా వేసిన ఊరికి చుట్టుపక్కల గ్రామాల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. అయితే సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించరాదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తరువు చేయడం, 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించడంతో ఆ ముచ్చట ముగిసింది. మూగజీవాల దృష్ట్యా అది న్యాయమైన నిర్ణయమే. కాని పల్లె పిల్లవాడికి సింహం మరికొంత దూరమైన మాట కూడా నిజం.

రాజధానులు మారాయి

పాతతరం వారికి జంతు ప్రదర్శనశాల అంటే మద్రాసే. 1855లో అక్కడి మ్యూజియం ఆవరణలో మొదలైన జంతుశాల తరువాత పీపుల్స్ పార్కుకు మారింది. అది సెంట్రల్ స్టేషను పక్కనే. బెజవాడలో రైలెక్కి సెంట్రల్‌లో దిగినవారు కోర్టు పని మీద వెళ్ళినా, వైద్యానికి వెళ్ళినా, ఒక పూట చేజిక్కితే నడిచివెళ్ళి పులిని చూసి వచ్చేవారు. మ్యూజియాన్ని "చచ్చిన కాలేజీ" అనీ, జంతుశాలను "బతికిన కాలేజీ" అనీ చెప్పుకున్న రోజులవి. పట్నంలో స్థలం చాలక ఆ జంతుశాలను వండలూరుకు తరలించగా, 1985లో అక్కడ ప్రజలకు ప్రవేశం కల్పించారు. జంతువులకు అడవి వంటి విశాలమైన చోటు దొరికింది. డెల్టా ప్రయాణికుడికి మాత్రం స్టేషను పక్కనున్న జూ, స్టేషను నుంచి సుమారు ముప్పయి కిలోమీటర్ల దూరానికి పోయింది.

1956లో హైదరాబాదు రాజధాని అయిన తరువాత 1963 అక్టోబరు 6న అక్కడ మీర్ ఆలం చెరువు చెంత నెహ్రూ జంతు ప్రదర్శనశాల ప్రారంభమైంది. విస్తీర్ణం 380 ఎకరాలు. 1977లో విశాఖపట్నంలో కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాలలో ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల, 1987లో తిరుపతిలో శేషాచలం కొండల పాదంలో శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల వెలిశాయి. 2014లో రాష్ట్ర విభజనతో హైదరాబాదు జూ తెలంగాణకు చెందింది. ఆ తరువాత రాజధాని ప్రాంతం కృష్ణా తీరానికే వచ్చింది. మద్రాసుకు జూ ఉన్నది, హైదరాబాదుకు ఉన్నది. అమరావతి, విజయవాడల దగ్గర మాత్రం లేదు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ఉండగా నడుమనున్న డెల్టా ఖాళీగా మిగిలింది.

నాలుగు దారులు, నాలుగు లెక్కలు

ఈ పరిస్థితిలో విజయవాడ కుటుంబానికి ఉన్న మార్గాలేమిటో పరిశీలిస్తే కొన్ని ఆసక్తికరమైన సంగతులు తేలుతున్నవి.

విశాఖపట్నం రైలు మార్గాన సుమారు 350 కిలోమీటర్లు. ఉదయం విజయవాడలో బయలుదేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి విశాఖ చేరుతుంది. చేరిన కొద్దిసేపటికే తిరుగు ప్రయాణమవుతుంది. కనుక అదే బండిలో వెళ్ళి అదే రోజు తిరిగి రావడం కుదరదు. రాత్రి రైలులో వెళ్ళి ఉదయం జూ చూసి, సాయంత్రం సముద్రతీరాన గడిపి మళ్ళీ రాత్రి బండి ఎక్కడమే మేలు. జూకు జాతీయ రహదారి వైపు ఒక ద్వారం, సాగర్ నగర్ బీచి రోడ్డు వైపు మరొక ద్వారం ఉన్నవి. రహదారి వైపు లోపలికి వెళ్ళి సముద్రం వైపు బయటికి వస్తే నడక వృథా కాదు.

హైదరాబాదు రోడ్డు మార్గాన సుమారు 275 కిలోమీటర్లు. పగటి రైలులో వెళితే సికింద్రాబాదు నుంచి బహదూర్‌పురాకు చేరడానికే చాలా సమయం పోతుంది. సాయంత్రం బండి అందుకోవాలనుకుంటే 380 ఎకరాల జూలో మిగిలేది రెండు మూడు గంటలు. అంతకన్నా రాత్రి బస్సెక్కి తెల్లవారి ఇమ్లీబన్ బస్టాండులో దిగడం సులువు. అక్కడికి జూ దగ్గర.

తిరుపతి రైలులో 380 కిలోమీటర్ల పైచిలుకు. కాని ఈ దారికి ఒక సౌలభ్యమున్నది. మొక్కు చెల్లించుకోవడానికి డెల్టా కుటుంబాలు ఎలాగూ తిరుమల వెళతాయి. దర్శనం అయిన మరునాడు ఒక పూట జూకు కేటాయిస్తే వేరే ప్రయాణ ఖర్చు లేదు. ఒక్క ప్రయాణంలో పెద్దల పుణ్యం, పిల్లల ముచ్చట రెండూ తీరుతాయి.

నాలుగవది చాలామంది లెక్కలోకి తీసుకోనిది వరంగల్లు. రైలులో రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, మూడు గంటల ప్రయాణం. హన్మకొండలో హంటర్ రోడ్డున కాకతీయ జంతు ప్రదర్శనశాల ఉన్నది. యాభై ఎకరాల లోపు స్థలమే కనుక పెద్ద జూలలోని వైవిధ్యం అక్కడ ఆశించరాదు. కాని చిన్న పిల్లలున్న ఇంటికి, ముసలివారిని వెంట తీసుకువెళ్ళేవారికి ఆ చిన్నతనమే సదుపాయం. ఉదయం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, జూ, వేయిస్తంభాల గుడి చూసి సాయంత్రపు బండిలో తిరిగి వస్తే బస ఖర్చు తప్పుతుంది. ఒకే రోజులో జూ చూసి ఇంటికి చేరాలనుకునే విజయవాడ కుటుంబానికి అనువైనది పొరుగు రాష్ట్రంలో ఉన్నదన్న మాట! రైలు వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఎటూ సరిచూసుకోవాలి.

సోమవారం వెళితే తాళమే

దూరం లెక్కలన్నీ వేసుకుని బయలుదేరినా ఒక చిన్న పొరపాటు మొత్తం ప్రయాణాన్ని చెడగొట్టగలదు. దేశంలోని ప్రతి జూ వారంలో ఒకరోజు విధిగా మూసి ఉంచాలన్నది నిబంధన. విశాఖ, హైదరాబాదు జూలకు సోమవారం సెలవు. వండలూరుకు మంగళవారం. ఆదివారం రద్దీకి వెరచి సోమవారం పెట్టుకున్నవారు గేటుకు వేలాడే తాళం చూసి పిల్లలను సముదాయించవలసి వస్తుంది. పండుగ రోజులలో మార్పులు ఉండవచ్చు గనుక ముందుగా విచారించుకోవడం ఉత్తమం.

వేళను ఎంచుకోవడం కూడా ముఖ్యమే. మే నెల మధ్యాహ్నం జూకు వెళ్ళినవారు సాధారణంగా చెప్పేది ఒక్కటే: "పులి ఎక్కడో నీడలో పడుకున్నది, కనిపించలేదు." అది పులి తప్పు కాదు. గేటు తెరిచే వేళకు చేరుకుని ఎండ ముదిరే లోపల పెద్ద జంతువులను చూడాలి. పక్షులు, పాములు, చెట్ల నీడన ఉండే చోట్లు మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. వేసవి కన్నా సంక్రాంతి సెలవులు ఇందుకు అనుకూలం. నూర్పిళ్ళు ముగిసి రైతు ఇంట నాలుగు డబ్బులు ఆడే రోజులు కూడా అవే.

ఇక జాగ్రత్తల మాట. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒక సందర్శకుడు కంచె దాటి సింహపు ఆవరణలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకు కొద్ది నెలల ముందు, 2023 నవంబరులో, విశాఖ జూలో ఎలుగుబంటి దాడిలో ఒక సంరక్షకుడు మరణించాడు. నిత్యం మేత వేసే మనిషికే ముప్పు తప్పనప్పుడు, ఫోటో కోసం కమ్మీలెక్కే కుర్రవాడి సంగతి చెప్పనక్కరలేదు. జూలోని జంతువులను రెచ్చగొట్టడం, వాటికి తిండి పెట్టడం, గోల చేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బయలుదేరే ముందే ఈ సంగతి పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలదే. పెద్దలే కోతులకు పల్లీలు విసురుతుంటే చెప్పేవారెవరు?

ఇక్కడే ఎందుకు పెట్టరాదు?

ఇన్ని అవస్థలు ఎందుకు, విజయవాడలోనే ఒక జూ పెట్టవచ్చు కదా అన్న ప్రశ్న సహజమే. నగర ముఖద్వారంలోని రాజీవ్ గాంధీ పార్కు విశేషాలు చెప్పే పర్యాటక కరపత్రాలలో ఒక చిన్న జూను కూడా చేర్చి చెప్పేవారు. కాని పార్కు మూలన నాలుగు బోనులు పెట్టి జూ అనిపించుకునే కాలం వెళ్ళిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి, 1992లో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. దాని గుర్తింపు లేకుండా ఏ జూ నడవరాదు. ముందస్తు అనుమతి లేకుండా కొత్త జూ స్థాపించరాదు. జంతువుకు తగినంత చోటు, నీరు, నీడ, పశువైద్యుడు, చికిత్సకు వసతి, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నట్లు చూపించాలి.

ఇవన్నీ సమంజసమైన షరతులే. కాని డెల్టా భూమి సంగతి వేరు. సెంటు సెంటుకూ వరి, చెరకు, చేపల చెరువులు, లేదా ఇళ్ళ స్థలాలు. అడవి అంటూ విజయవాడకు దాపున చెప్పుకోదగినంతగా ఉన్నది కొండపల్లి వైపే. అక్కడ జూ పెట్టాలన్నా బోను కట్టడానికయ్యే ఖర్చు ఒక్కసారిది, పులికి మాంసం పెట్టే ఖర్చు నిత్యమైనది. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టమన్నట్లుగా, నిర్వహణకు శాశ్వతమైన ఆదాయం చూపకుండా శంకుస్థాపన చేస్తే దాని ఫలితం అనుభవించేది మూగజీవాలే. కట్టదలిస్తే పూర్తి హంగులతో కట్టాలి. లేదా ఊరుకోవాలి. సగం జూ కన్నా జూ లేకపోవడమే నయం.

పెరటి చెట్టు

కాగా ఈ చర్చలో మరుగున పడుతున్న సంగతి ఒకటున్నది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, డెల్టాకు సొంతమైన జీవరాశిని డెల్టా వాసులే చూడటం లేదు.

విజయవాడకు సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరాన కైకలూరు, దానికి ఆనుకుని ఆటపాక. కొల్లేటి అంచున ఉన్న ఈ పక్షుల కేంద్రంలో శీతకాలమంతా గూడబాతులు గూళ్ళు కడతాయి. ముక్కు కింద సంచి వేలాడే ఈ పెద్ద పక్షులకు గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు చాలకపోతే అటవీ శాఖ వారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలిపారు. ఒక్కొక్క మంచెపై అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు. పడవలో దాపుకు వెళితే తల్లి గొంతులోకి తల దూర్చి పిల్ల చేపను అందుకోవడం కళ్ళారా చూడవచ్చు. ఎర్రకాళ్ళ కొంగలు కూడా అక్కడికి వస్తాయి. ఇక్కడ బోను లేదు, కమ్మీ లేదు. జూలో జంతువు మనిషి కోసం ఉంటుంది. ఆటపాకలో పక్షి తన కోసం తానుంటుంది. ఈ భేదం పదేళ్ళ పిల్లవాడికి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

ఉదయం విజయవాడలో గుడివాడ మీదుగా రైలో బస్సో ఎక్కితే చీకటి పడే లోపల ఇంటికి చేరవచ్చు. ఖర్చులో ఇది విశాఖ ప్రయాణంతో పోల్చదగినదే కాదు. నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. వేసవి సెలవుల దాకా ఆగితే గూళ్ళు ఖాళీగా కనిపిస్తాయి.

దక్షిణాన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నవి. 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇది. చేపలు పట్టి తినే నీటిపిల్లికి ఇది ఆటపట్టు. రాత్రి సంచరించే జీవి గనుక సందర్శకుడికి కనిపించడం అరుదు. కాని చలికాలం చివర ఆ తీరపు ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీ సిబ్బంది ఆ గుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతారు. హంసలదీవికి సంగమ స్నానానికి వెళ్ళేవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరు?

కొల్లేరు నిలవాలి

అయితే ఆటపాక పక్షులు అక్కడ ఉన్నవంటే కొల్లేరు ఉన్నది గనుకనే. కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో సరస్సు చేరింది. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 2006లో ఆ గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టారు. తిరిగి 2008లో అభయారణ్యం హద్దును అయిదవ కాంటూరు నుంచి మూడవ కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించగా, తరువాత పరిశీలనకు వచ్చిన నిపుణుల సంఘం అందుకు సమ్మతించలేదు. సరస్సుపై బ్రతికే గ్రామాల వారి జీవనోపాధి కూడా న్యాయమైన సమస్యే. ఒకరి నోటి కూడు తీసి పక్షికి పెట్టమని ఎవరూ అనరు. కాని సరస్సే లేకపోతే మనిషికి గాని పక్షికి గాని మిగిలేది ఏమీ ఉండదు.

ఇది పక్షుల మీద జాలి చూపే విషయం మాత్రమే కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు చివరకు చేరేది కొల్లేటికే. అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోవాలి. ఆ దారి ఇరుకైతే గూడబాతు గూటికీ, సింగ్ నగర్ ఇంటికీ ఒకేసారి ముప్పు. ఆటపాకలో పడవెక్కిన పిల్లవాడికి ఈ సంబంధం తెలియచెప్పడం కన్నా మంచి పాఠం మరొకటి ఉండదు.

చేయవలసిన పనులు

ఈ నేపథ్యంలో అధికారులు కొద్దిపాటి శ్రద్ధ వహిస్తే పెద్ద ఖర్చు లేకుండానే కొన్ని పనులు నెరవేరగలవు. శీతకాలపు ఆదివారాలలో, సంక్రాంతి సెలవులలో విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం నుంచి ఆటపాకకు నేరుగా వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చే బస్సులను ఆర్టీసీ నడపవచ్చు. 2022లో జిల్లాల విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, కైకలూరు ఏలూరు జిల్లాలో, మడ అడవులలో కొంత భాగం కృష్ణా జిల్లాలో పడినవి. ఒకే నీటి వెంట బ్రతికే ప్రాంతం మూడు కలెక్టరేట్ల నడుమ పంపకమైంది గనుక, ఈ ఏర్పాటు ఎవరి పని అన్న ప్రశ్నలోనే కాలయాపన జరగకుండా మూడు జిల్లాల వారూ కలిసి కూర్చోవలసి ఉన్నది. విద్యాశాఖ వారు ప్రతి ప్రభుత్వ పాఠశాల నుంచి ఏడాదికి ఒక తరగతినైనా పక్షుల కాలంలో అక్కడికి పంపితే, జూ ముఖం చూడలేని కూలి వారి పిల్లలు సైతం వన్యప్రాణిని కళ్ళారా చూస్తారు.

కుటుంబాల వరకు వస్తే, జూ ప్రయాణం మానుకోనక్కరలేదు. సింహాన్ని చూడాలన్న కోర్కె తప్పు కాదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి, వారపు సెలవు చూసుకుని, ఉదయపు వేళ చూసుకుని విశాఖకో తిరుపతికో వెళ్ళిరావచ్చు. కాని ప్రతి చలికాలం ఒక ఆదివారం ఆటపాకకు కేటాయించడం జేబుకు భారం కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

విజయవాడకు జూ ఎన్నడు వస్తుందో గాని, గూడబాతులు మాత్రం ఏటా పిలవకుండానే వస్తున్నవి. అవి వచ్చినంత కాలం చూసేందుకు వెళ్ళడం ప్రజల వంతు. అవి రావడం మానకుండా చూడటం ప్రభుత్వం వంతు.